ఆస్పత్రి మడి

ఆ రోజుల్లో మా నూజివీడు వైపు ఎండాకాలంలో తెల్లబట్టలు కట్టుకుని బయటికి రావాలంటే గుండెధైర్యం ఉండాలి. ఏప్రిల్ దాటిందంటే చాలు, బస్సు టాపు మీద మామిడి గంపలు, సీట్ల కింద మామిడి గంపలు, ఎదురొచ్చే ప్రతి మనిషి చేతిలో ఒక సంచీ, ఆ సంచీ నిండా కాయలు. పలకరింపు కూడా "బాగున్నారా" అని కాకుండా "కోత మొదలెట్టారా" అని ఉండేది. పండు రసం సంగతి అలా ఉంచండి, అది కాస్త మర్యాద తెలిసింది, పడగానే పడ్డానని పచ్చగా చెబుతుంది. అసలు దొంగ సొన. కాయ తొడిమ తుంచగానే చిమ్మే ఆ జిగురు నీళ్లు బట్ట మీద పడ్డప్పుడు మంచినీళ్లలాగే ఉంటాయి. మర్నాటికి తీరిగ్గా నల్లగా తేలతాయి. తేలాక ఇంక ఆ మరక బట్టతోపాటు పోవాల్సిందే. అందుకని మావాళ్లంతా వేసవి నాలుగు నెలలూ ముదురు రంగుల్లోనే తిరిగేవారు. తెల్లగా కనిపించేవి మూడే జాతులు: ఓట్లప్పుడు వచ్చే నాయకులు, పొలాల్లో కొంగలు, ఆస్పత్రి నర్సులం. నాయకులు కారు దిగేవారు కాదు, కొంగలు మామిడిపళ్లు తినేవి కావు. ఆ లెక్కన కష్టమంతా మా ఒక్కళ్లకే వచ్చిపడింది.

మాది చాట్రాయి దగ్గర చిన్న ఊరు. తాతయ్య గుడిలో అర్చకులు, నాన్న స్కూలు టీచరు. నేను నర్సు ట్రైనింగు పూర్తిచేసి, నూజివీడులో ఒక డాక్టరు దంపతులు నడిపే నర్సింగ్ హోములో తాత్కాలికంగా చేరాను. మా ఇంట్లో గొడవ ఉద్యోగం గురించి రాలేదు (నాన్న జీతం సంగతి తెలిసినవాళ్లు కాబట్టి ఉద్యోగం అంటే అందరికీ గౌరవమే), చీర రంగు గురించి వచ్చింది. పెళ్లికాని పిల్ల తెల్లచీర కట్టుకుని గడప దాటడమేంటని మా బామ్మ పట్టు పట్టింది. సరస్వతీదేవి కట్టేది కూడా తెల్లచీరే కదమ్మా అని నాన్న సర్దిచెప్పబోయారు. "ఆవిడ వీణ వాయించుకుంటూ కూర్చుంటుందిరా, దీనిలాగా చీమూ నెత్తురూ తుడుస్తుందా?" అంది బామ్మ. చివరికి తాతయ్య గుడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, తీర్పు చెప్పారు. ఉద్యోగం పర్మనెంటు అయితే పిల్ల అక్కడే ఉంటుంది, ఈ వేసవి దాటేలోపు అవకపోతే ఇంటికొచ్చేస్తుంది.

ఇంటికి రావడమంటే ఏంటో నాకు బాగా తెలుసు. పొద్దున్న బామ్మ మడి వంటకి నీళ్లు తోడటం, సాయంత్రం నాన్న దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లలకి ఎక్కాలు అప్పజెప్పించడం. అవేమీ నేరాలు కావు గాని, నాకు ఆస్పత్రి అప్పటికే ఒంటికి పట్టింది. రాత్రంతా మూలిగిన మనిషి పొద్దున్నే కళ్లు తెరిచి కాఫీ అడిగితే, ఆ కాఫీ నేనే కాచినంత సంబరంగా ఉండేది. ఆ ఉద్యోగం పోతే బతకలేనని అప్పట్లో నిజంగానే అనుకున్నాను. పంతొమ్మిదేళ్లప్పుడు అలాంటివి చాలా వాటి గురించి అనుకుంటాం లెండి.

నా పర్మనెంటు మొత్తం ఒక్క మనిషి నోటిమాట మీద ఆధారపడి ఉంది. ఆవిడ హెడ్ సిస్టర్ గారు. వెనకాల మేమంతా సున్నం సిస్టర్ అనేవాళ్లం, ఎందుకంటే కొత్తగా సున్నం కొట్టిన గోడ పక్కన ఆవిడ నిలబడితే గోడే మాసినట్టు ఉండేది. యాభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు, ఆస్పత్రి వెనకాలే చిన్న క్వార్టర్సులో ఉండేవారు. రోజూ పొద్దున్నే వరండాలో మమ్మల్ని వరసగా నిలబెట్టి, పైనుంచి కింద దాకా చూసేవారు. తిట్టేవారు కాదు. మరక ఉన్నచోట చూపుడువేలు పెట్టి, మన మొహంలోకి చూసి, పక్క మనిషి దగ్గరికి వెళ్లిపోయేవారు. తిట్టినా బాగుండేదని అందరం అనుకునేవాళ్లం. రోగికి మందు మీద నమ్మకం తరవాత, ముందు మన చీర మీద నమ్మకం కుదరాలి అనేది ఆవిడ సిద్ధాంతం.

ఆ వేలు తప్పించుకోవడానికి నేను చెయ్యని ప్రయోగం లేదు. చేరిన కొత్తలో, తెలుపు తళతళలాడాలంటే నీలిమందు ధారాళంగా వెయ్యాలని ఎవరో చెబితే, ధారాళం అంటే ఎంతో అడక్కుండా పొట్లం మొత్తం బకెట్లో గుమ్మరించాను. మర్నాడు వార్డులోకి వెళితే ఒక ముసలాయన లేచి కూర్చుని, వాన వచ్చేలా ఉందమ్మా అన్నాడు. సున్నం సిస్టర్ ఆ రోజు వేలు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు ఆగిపోయారు. ఆ తరవాత గంజి మీద పడ్డాను. గట్టిగా పెడితే దుమ్ము అంటదని నా నమ్మకం. అన్నం వార్చిన గంజి వడకట్టకుండా పెట్టినందువల్ల, చీర నిజంగానే రేకులా నిలబడింది గాని, మధ్యాహ్నానికి కుచ్చిళ్ల వెంట చీమలు బారులు కట్టాయి. ఇంజక్షన్ పట్టుకుని నేను గంతులు వేస్తుంటే, చేయించుకోవాల్సిన ఆయన మంచం దిగి వరండాలోకి వెళ్లిపోయాడు. నా తెలుపు చరిత్ర అలాంటిది కాబట్టి, సిస్టర్ గారు నా గురించి డాక్టరమ్మ గారికి మంచి మాట చెబుతారన్న ఆశ నాకే అంతంతమాత్రంగా ఉండేది.

ఆదివారం ఇంటికి వెళితే అక్కడ ఇంకో తంతు. మా పెరట్లో బామ్మ మడిచీర ఆరేసే దండెం ఒకటి ఉండేది. మనిషి చెయ్యి తగలనంత ఎత్తున, కర్రతో వేసి కర్రతో తీసేది. ఎవరైనా పొరపాటున ముట్టుకుంటే మళ్లీ తడపాల్సిందే. నా తెల్లచీరకి కూడా ఎవరి చెయ్యీ తగలకూడదు కాబట్టి, దాని పక్కనే అదే ఎత్తున నేనొక దండెం కట్టాను. కర్ర మాత్రం ఇద్దరికీ ఒకటే ఉండేది, దాని కోసం రోజంతా పేచీ. రెండు దండేల మధ్య నుంచి బావికి వెళ్లాల్సి వస్తే మా నాన్న చేతులు రెండూ ఒంటికి అదిమిపెట్టుకుని పక్కవాటుగా నడిచేవారు. మా ఇంట్లో ఒకటి దేవుడి మడి, ఒకటి ఆస్పత్రి మడి, మధ్యలో నేను మైలపడిపోతున్నాను అని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. బామ్మకి నవ్వు వచ్చేది కాదు. మడికి మంత్రం ఉంటుంది, దీని చీరకి ఏముంది అనేది. మా సిస్టర్ గారి వేలు ఉంది బామ్మా అనేదాన్ని.

అలా ఉండగా, మే నెలలో మా నర్సింగ్ హోములో కొత్త ఆపరేషన్ థియేటర్ కట్టడం పూర్తయింది. ప్రారంభోత్సవానికి మద్రాసు నుంచి ఒక పెద్ద సర్జన్ గారిని పిలిచారు, డాక్టరు గారికి చదువుకున్నప్పటి గురువు ఆయన. సిస్టర్ గారు మా అందరికీ తలా ఒక కొత్త తెల్లచీర పంచి, సోమవారం పొద్దున్న అవి కట్టుకుని రావాలన్నారు. నాకు ఇచ్చేటప్పుడు మాత్రం చీర చేతిలో పెట్టి వెంటనే వదల్లేదు. థియేటర్‌లోకి ఒక అమ్మాయి కావాలని, డాక్టరమ్మ గారు నా సంగతి అడిగారని, సోమవారం నన్ను చూశాక చెబుతానన్నానని చెప్పారు. "మనిషివి మంచిదానివే. చీరే కుదురుగా ఉండదు" అన్నారు. అంటే పర్మనెంటో, ఎక్కాలో, సోమవారం తేలిపోతుందన్న మాట. ఆ చీరని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా పెట్టుకుని, శనివారం సాయంత్రం బస్సులో ఇంటికి తీసుకెళ్లాను. గంపలవాళ్లు ఎక్కినప్పుడల్లా సీటు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటుంటే, కండక్టరు నాకు కడుపునొప్పి అనుకుని సోడా కొనుక్కోమని సలహా ఇచ్చాడు.

నా ఖర్మ కొద్దీ ఆ ఆదివారమే మా ఇంట్లో ఆవకాయ పెట్టే రోజు. మా వైపు ఆవకాయ అంటే పచ్చడి కాదు, చిన్న యుద్ధం. పొద్దున్నే చావిట్లో గోనెలు పరిచి, నాన్న కత్తిపీట ముందు కూర్చుని కాయలు కొడుతుంటే, టెంక ముక్కలు గోడ దాకా ఎగురుతున్నాయి. ఒక మూల కారం, ఒక మూల ఆవపిండి, నడుమ నూనె గిన్నెలు. ఇల్లంతా గాల్లో ఎర్రటి పొడి తేలుతోంది, తుమ్మనివాళ్లు లేరు. నేను ఆ రోజు ఆవకాయ జోలికే పోలేదు. పెరట్లో మూల కూర్చుని, గంజి రెండుసార్లు వడకట్టి, నీలిమందు చిటికెడే వేసి (అప్పటికి బుద్ధి వచ్చింది), చీర తడిపి, నా దండెం మీద ఆరేసి, ఆరేదాకా కింద కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాను. ముక్క కలపడానికి రమ్మని అమ్మ పిలిస్తే, అటు నుంచి గాలి వీస్తోంది, రానన్నాను. ఆరాక ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వేసి, ముందు నాన్న పాత పంచె మీద రుద్ది చూసుకుని, మడత మీద మడత పెట్టి ఇస్త్రీ చేశాను. ఆ చీర చూసి నాకే కళ్లు చెదిరాయి. పాత దుప్పట్లో చుట్టి, పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టాను. కారం, నూనె, సొన, బొగ్గు, కాకి, అన్నిటినీ గెలిచానని నిశ్చింతగా పడుకున్నాను.

సోమవారం తెల్లవారుజామున, మొదటి బస్సుకి వెళ్లాలని లేచి, స్నానం చేసి, దుప్పటి విప్పాను. చీర పైట కొంగు కొసన, సరిగ్గా మూల మీద, పావలా కాసంత పసుపు. తడి పసుపు, చక్కగా వేలితో దిద్దినట్టు. మొదట ఆవకాయ అనుకున్నాను. తరవాత అర్థమైంది. మా ఇంట్లో కొత్తబట్ట అంటే, అది పట్టుచీరైనా, తుండుగుడ్డైనా, మూలన పసుపు పెట్టకుండా ఎవరూ ఒంటి మీద వేసుకోకూడదు. ఉద్యోగంలో చేరినప్పుడు నేను కొన్న చీరలు ఆస్పత్రి గదిలోనే మొదట కట్టి, మాసాకే ఇంటికి తెచ్చాను కాబట్టి కొత్తగా ఉన్నప్పుడు బామ్మ చేతికి చిక్కలేదు. ఇది చిక్కింది. నేను స్నానానికి వెళ్లిన కాసేపట్లో, పాపం, పెట్టె తీసి, మడత చెదరకుండా కొంగు కొస ఒక్కటీ బయటికి లాగి, పసుపు పెట్టి, మళ్లీ అలాగే చుట్టిపెట్టింది. "శుభమా అని ఉద్యోగం ఖాయం అయ్యే రోజు, బోసి బట్ట కట్టుకుని వెళతావా?" అంది.

ఏడుపు మింగుకుంటూ బావి దగ్గరికి పరిగెత్తాను. బామ్మ నా వెనకాలే వస్తూ, సబ్బు పెట్టొద్దే, ఎండలో వేస్తే సూర్యుడే తీసుకుపోతాడు అంటూనే ఉంది. ఆ సూర్యుడు ఇంకా లేవనే లేదు! వినే స్థితిలో నేనూ లేను. బట్టల సబ్బు తీసి బలంగా రుద్దాను. పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్నే, పారాణి కలిపే ఇంట్లో పుట్టినదాన్నే, అయినా ఆ క్షణంలో బుర్ర పనిచెయ్యలేదు. పసుపు చుక్క కాస్తా ఎర్రబారింది. ఇంకా రుద్దాను. పావలా కాస్తా రూపాయి అయింది, అంచులు పాకాయి. ఆస్పత్రిలో పనిచేసేదాని కొంగున పచ్చి నెత్తురులాంటి మరక. బామ్మ మాత్రం వంగి చూసి, ఎర్రగా పండింది, ఇంకా శుభం అంది. దూరంగా బస్సు హారను వినిపించింది. చీర చుట్టుకుని, తడికొస చేత్తో పట్టుకుని పరిగెత్తాను.

ఆస్పత్రిలో నాకంటే ముందు చేరిన ఒకావిడ ఉండేది. హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చేది కాబట్టి జంక్షనక్క అనేవాళ్లం. జంక్షన్‌లో లారీల మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఏ గండానికైనా ఉపాయం ఉండేది. నన్ను స్టోర్ గదిలోకి లాక్కెళ్లి, కొంగు చూసి, నిమ్మచెక్క తెచ్చి రాసింది. ఎరుపు పోయింది. పసుపు తిరిగొచ్చింది, అదీ ఇందాకటికన్నా పెద్దదిగా. ఇంకొంచెం సబ్బు పెడదామా అంటే మళ్లీ ఎర్రబడుతుంది. మేమిద్దరం కాసేపు విజయవాడ సెంటర్లో సిగ్నల్ లైటు ముందు నిలబడ్డట్టు ఎరుపూ పసుపూ చూసుకుంటూ నిలబడ్డాం, ఆకుపచ్చ ఒక్కటీ రాలేదు. చివరికి అక్క నా కొంగు నడుం చుట్టూ తిప్పి, మరక లోపలికి పోయేలా బొడ్లో దోపింది. "ఊపిరి కూడా పైపైనే తీసుకో. ప్రారంభోత్సవం ఫొటో అయిపోతే గట్టెక్కినట్టే" అంది.

సిస్టర్ గారు వరండాలో మమ్మల్ని చూస్తూ వచ్చారు. నా ముందు ఆగి, కుచ్చిళ్లు చూశారు, భుజం చూశారు, మొదటిసారి ఆవిడ కళ్లలో మెచ్చుకోలు లాంటిది కనిపించింది. అంతలో చూపు నా నడుం దగ్గర ఆగింది. ఏంటమ్మా, బావిలో నీళ్లు తోడటానికి వచ్చావా, కొంగు వదులు అన్నారు. నేను కొంగు మీద చెయ్యి వేశాను గాని తియ్యలేదు. ఆవిడ వేలు ముందుకి వస్తోంది. సరిగ్గా అప్పుడు గేటు ముందు కారు ఆగింది, సర్జన్ గారు దిగారు, సిస్టర్ గారు అటు నడిచారు. నా ఊపిరి నాకు తిరిగొచ్చింది. రిబ్బను కత్తిరించారు, చప్పట్లు కొట్టారు, డాక్టరు గారు గురువు గారి గురించి నాలుగు మాటలు చెప్పారు. ఫొటో ఒక్కటే మిగిలింది.

ఆ ఫొటోకి నిలబడబోతుండగా, మా దగ్గర తల్లికి వైద్యం చేయించుకున్న ఒక రైతు గంపతో లోపలికి వచ్చాడు. గంప నిండా పెద్దరసాలు, చెట్టున పండినవి. మా వైపు మామిడిపండు ఇవ్వడం అంటే ఇచ్చి వెళ్లిపోవడం కాదు, తీసుకున్నవాళ్లు అక్కడే తిని, బాగుందనే దాకా కదలకపోవడం. డాక్టరు గారు తరవాత తింటామన్నా ఆయన వినలేదు. మద్రాసు నుంచి వచ్చిన పెద్దాయన మా తోట పండు రుచి చూడకుండా ఎలాగండీ అంటూ, గంపలో అన్నిటికన్నా పెద్ద పండు ఏరి సర్జన్ గారి చేతిలో పెట్టాడు. రసం పండు తినడానికి ఒక పద్ధతి ఉంది. చుట్టూ మెల్లగా నలిపి, మెత్తబడ్డాక తొడిమ దగ్గర ముచ్చిక కొరికి పారేసి, అప్పుడు నోట్లో పెట్టుకుని పీల్చాలి. ఆయన ఎన్ని పొట్టలు కోసి కుట్టినవారైనా, ఇది తెలియదు. నలపడం వరకు చూసి నేర్చుకున్నారు, ముచ్చిక సంగతి వినకముందే, పక్కనున్న సిస్టర్ గారితో ఏదో మాట్లాడుతూ, రెండు చేతులతో గట్టిగా ఒత్తారు. పండు పక్కన పగిలింది. రసం ధారగా వెళ్లి సిస్టర్ గారి భుజం నుంచి నడుం దాకా పడింది.

ఆ చీర మీద మరక చూడటం మాలో ఎవరికీ అలవాటు లేదు. సర్జన్ గారు చేతిలో టెంకతో అలాగే నిలబడ్డారు. సిస్టర్ గారు కిందికి చూసుకోలేదు, ఎటూ చూడలేదు, పరీక్షలో తప్పిన చిన్నపిల్లలా పెదవి బిగపట్టుకున్నారు. ఆ మొహం చూసి నాకు చాలా జాలి వేసింది. అంతే, బొడ్లో దోపిన కొంగు లాగి, ముందుకి ఉరికి, ఆవిడ భుజం తుడవడం మొదలెట్టాను. గబగబా, కిందికి కారకుండా, గాయం తుడిచినట్టే తుడుస్తున్నాను. సగం తుడిచాక, ఏ కొంగుతో తుడుస్తున్నానో గుర్తొచ్చింది. సిస్టర్ గారు నా చెయ్యి పట్టుకుని ఆపి, కొంగు కొస విప్పి చూశారు. అంతలో ఫొటోగ్రాఫరు, కాస్త దగ్గరికి జరగండమ్మా అన్నాడు.

జనం వెళ్లిపోయాక నన్ను దుప్పట్లు పెట్టే గదిలోకి రమ్మన్నారు. పెట్టె సర్దుకోవడానికి ఎంతసేపు పడుతుందా అని లెక్కేసుకుంటూ వెళ్లాను. కళ్లనిండా నీళ్లు, తుడుచుకోవడానికి కొంగు ఎత్తితే అంతా మామిడి రసం. సిస్టర్ గారు ముందే చీర మార్చుకుని ఉన్నారు.

"ఆ మూల ఉన్నది రసం కాదు. ఏంటది?" అన్నారు.

"పసుపండి. మా బామ్మ పెట్టిందండి. కొత్తచీర కదండీ, పసుపు పెట్టకుండా కట్టుకోకూడదని... నేను కడగబోతే ఎర్రబడిందండి, నిమ్మకాయ రాస్తే మళ్లీ..."

ఆవిడ నా కొంగు చేతిలోకి తీసుకుని, ఆ మరకని బొటనవేలితో నెమ్మదిగా తడిమారు. మరక మీద ఆవిడ చూపుడువేలు కాకుండా ఇంకో వేలు పెట్టడం నేను చూడటం అదే మొదలు. తను పెరిగింది అనాథాశ్రమం హాస్టల్లోనని, తెల్లచీర చేతికిచ్చి కట్టుకోమంటే కట్టుకున్నానని, ఇంతవరకు కట్టిన ఏ చీరకీ పసుపు పెట్టినవాళ్లు లేరని, మందుల పేర్లు చెప్పినంత మామూలుగా చెప్పారు. తరవాత గొంతు సవరించుకుని, "రేపటి నుంచి థియేటర్ డ్యూటీ. కొంగు మాత్రం బొడ్లో దోపుకోకు, అసహ్యంగా ఉంటుంది" అని బయటికి వెళ్లిపోయారు. నేను దుప్పట్ల మధ్య కూర్చుని కాసేపు ఏడ్చాను, అది సంతోషమో, ఆవిడ మీద బెంగో నాకే తెలియలేదు.

పర్మనెంటు అయిందని చెబితే బామ్మ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. మరి పసుపు పెట్టింది ఎవరనుకున్నావు అంది. సిస్టర్ గారు చెప్పింది కూడా చెప్పాను. అప్పుడు మాత్రం లేచి వెళ్లి, ఆవకాయ జాడీ ఒకటి మూతికి గుడ్డతో వాసెన కట్టి, ఆవిడకివ్వమని నా చేతిలో పెట్టింది. ఆ వర్షాకాలంలో ఒక ఆదివారం, గుడి చూడాలని ఉందంటూ సిస్టర్ గారే మా ఊరు వచ్చారు. చేతిలో కాగితంలో చుట్టిన కొత్త తెల్లచీర ఉంది. ఎందుకు తెచ్చారో ఆవిడ చెప్పలేదు, బామ్మ అడగలేదు. పసుపు గిన్నె తెచ్చుకుని, ఒక మూల కాదు, నాలుగు మూలలా పెట్టి, ఆవిడ చేతికిచ్చింది. వెళ్లేటప్పుడు నాకు చెప్పినట్టే ఆవిడకీ చెప్పింది. సబ్బు తగలనివ్వకమ్మా, ఎండలో వేస్తే పోతుంది.

తరవాత మాకొక వింత కనిపించేది. నెలలో ఎప్పుడో ఒక రోజు, సున్నం సిస్టర్ కొంగు బొడ్లో దోపుకుని డ్యూటీకి వచ్చేవారు. ఎవరికీ అడిగే ధైర్యం లేదు. నడుం నొప్పేమో అని జంక్షనక్క తేల్చింది. ఒకసారి ఏదో తాళాల కోసం నన్ను క్వార్టర్సుకి పంపితే, వెనక పెరట్లో దండెం మీద ఆవిడ చీరలన్నీ మండుటెండలో ఆరుతున్నాయి, కళ్లు మూసుకుపోయేంత తెల్లగా. ఒక్క చీర మాత్రం వాటితో లేదు. వసారాలో, ఎండ పొడ కూడా తగలని చోట, లోపలి గోడకి కట్టిన తాడు మీద ఉంది. దాని నాలుగు మూలలా, పొడిగా, పచ్చగా, బామ్మ పెట్టింది పెట్టినట్టే ఉంది పసుపు. నేను తాళాలు తీసుకుని వచ్చేశాను. జంక్షనక్కకి కూడా చెప్పలేదు, నడుం నొప్పే అయి ఉంటుందన్నాను.

ఇప్పుడు ఆస్పత్రుల్లో రంగురంగుల డ్రెస్సులు వచ్చాయి, మరక పడితే మిషన్లో పడేస్తారు. ఆ రోజు తీసిన ఫొటో నా దగ్గరే ఉంది. నలుపూ తెలుపూ ఫొటో కాబట్టి రసమేదో పసుపేదో తెలియదు, సిస్టర్ గారూ నేనూ ఒకేలాగా మాసిపోయి, ఒకరి పక్కన ఒకరం నిలబడి ఉన్నాం. అందులో ఉన్న ఆ బక్కపిల్ల మొహం చూస్తే, ఒక చీర మూల కోసం అంత భయపడ్డావా అని నవ్వొస్తుంది, దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది. కొన్నేళ్ల కిందట మా అమ్మాయికి ఒక ల్యాబులో ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు వేసుకునే తెల్లకోటు మంచం మీద పెట్టి స్నానానికి వెళితే, నా చెయ్యి ఊరుకోలేదు. బయటికొచ్చి కోటు మూల చూసుకుని, అమ్మా ఏంటిది, మరక అంది. ఎండలో వేస్తే పోతుందిలే అన్నాను. నీడలో వేస్తే ఉంటుందన్న సంగతి మాత్రం చెప్పలేదు.